మొహమాటానికి లాటిన్

ఆ శుక్రవారం ఉదయం మారిట్ ఉల్‌స్టాడ్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. టిఫిన్ తినాలి. సైన్సు భవనానికి వెళ్లి తన ప్రధాన సబ్జెక్టు బయాలజీ అని చెప్పి సంతకం పెట్టించుకోవాలి. పది లోపల గదికి తిరిగొచ్చి ఆర్గానిక్ కెమిస్ట్రీ పరీక్షకి చదువుకోవాలి. కాలేజీలో రెండో ఏడు పిల్లలందరికీ ఆ సాయంత్రం అయిదింటితో గడువు ముగుస్తుంది. అప్పటికి సబ్జెక్టు తేల్చుకోనివాళ్లకి వచ్చే ఏడాది క్లాసుల్లో మిగిలిన సీట్లే దిక్కు. డాక్టరు కావాలనుకునేవాళ్లకి ఆ క్లాసులు దొరక్కపోతే ఏడాది గల్లంతయినట్టే.

మారిట్‌కి డాక్టరు కావాలని ఉంది, అదీ మాట వరసకి కాదు. వాళ్ల ఊరు వెస్ట్ టాన్‌బర్గ్‌లో ఉన్న ఒక్క డాక్టరూ రిటైరై అరిజోనా ఎండల్లోకి వెళ్లిపోయాడు. క్లినిక్ తలుపుకి అప్పుడు వేసిన తాళం ఇంకా తియ్యలేదు. నాన్న లైల్ టర్కీ కోళ్లు పెంచుతాడు. ఓ జనవరిలో దాణా ఎత్తే మరలో ఆయన చెయ్యి పడింది. పక్క జిల్లా ఆస్పత్రి దాకా మంచులో బండి నడిచినంతసేపూ ఆ చేతికి తువ్వాలు చుట్టి పట్టుకున్నది పదమూడేళ్ల మారిట్. చెయ్యి దక్కింది గాని రెండు వేళ్లు దక్కలేదు.

చిక్కల్లా ఒక్కటే. మెడికల్ కాలేజీలో అడుగు పెట్టాలంటే ముందు నాలుగేళ్ల డిగ్రీ ఒకటి పూర్తి చెయ్యాలి. ఏ డిగ్రీ అని అడిగితే ఏదైనా ఫరవాలేదంటాయి ఆ కాలేజీలు. ఏదైనా ఫరవాలేదన్న మాటంత మనిషిని తిప్పలు పెట్టే మాట మరొకటి లేదు. ఏది చదవాలో ఎవరూ చెప్పరు గనక అందరూ సలహా ఇస్తారు.

"బయాలజీయా?" అంది జీనా, గుడ్డు పొరటు మీద మిరియాల పొడి చల్లుకుంటూ. జీనా న్యూజెర్సీ పిల్ల. మారిట్‌తో గది పంచుకుంటోంది. తనూ డాక్టరే కావాలనుకుంటోంది. మనసులో ఏదుంటే అది మొహం మీద అనేస్తుంది.

"అవును. ఏం?"

"ఏం లేదు, మందలో ఇంకో గొర్రె. అక్కడ మన దరఖాస్తులు చదివేవాళ్లు పొద్దున్నుంచీ బయాలజీ, బయాలజీ అని చదివి చదివి కునుకు తీస్తుంటారే తల్లీ. నీది రాగానే బోర్లా పడుకుంటారు. మా పెదనాన్న కొడుకు సంగీతం చదివాడు. బాకా ఊదేవాడు. వాణ్ణి మూడు మెడికల్ కాలేజీలు రమ్మన్నాయి."

"మరి నువ్వేం రాస్తున్నావు?"

"బయాలజీ. నాకు బాకా రాదుగా."

పక్క బల్ల మీది కుర్రాడు కల్పించుకుని, తత్వశాస్త్రం చదివినవాళ్లకి ప్రవేశ పరీక్షలో మార్కులు బాగా వస్తాయన్నాడు. వాడి పక్కనున్న అమ్మాయి, అవన్నీ కబుర్లని, లెక్కలు చదివితే తెలివైనదనుకుంటారని చెప్పింది. బల్ల చివరి నుంచి ఎవరో స్పానిష్ అన్నారు. మారిట్ పళ్లెం తీసి పెట్టేసరికి తను ఎందుకు బయాలజీ అనుకుందో తనకే గుర్తు రాలేదు. అందరూ తీసుకుంటున్నారనే తనూ తీసుకుంటోందా? ఏమో, అయ్యుండొచ్చు.

సైన్సు భవనంలో బయాలజీ గది ముందు మొదలైన క్యూ నడవా పొడుగునా సాగి, మెట్ల దాకా వచ్చింది. మారిట్ వెళ్లి చివర నిలబడింది. అదే నడవాలో ఒక గది తలుపు తీసి ఉంది. పాత భవనం కప్పు కారుతోందని రెండేళ్ల కిందట లాటిన్ శాఖను తెచ్చి, మొక్కలు పెంచే అద్దాల గదిని ఆనుకుని ఉన్న ఈ సామాను గదిలో పడేశారు. శాఖ అంటే ఒక ప్రొఫెసరు, నాలుగు బీరువాల పుస్తకాలు. జరిగి జరిగి మారిట్ సరిగ్గా ఆ తలుపుకి ఎదురుగా వచ్చి ఆగింది.

లోపల రోస్లిన్ ఫైన్‌బెర్గ్ మేడం ఒక్కతే కూర్చుని ఉంది. కాఫీ వాసన గుప్పుమంటోంది. ఆవిడ కళ్లద్దాల పైనుంచి చూసి, "నా కోసమేనా?" అని అడిగింది.

కాదండీ, క్యూలో నిలబడ్డానంటే సరిపోయేది. కాని మారిట్ పుట్టి పెరిగిన చోట పెద్దవాళ్ల మొహం మీద కాదనడం లేదు. మిన్నెసోటా పల్లెల్లో ఎవరూ ఎవరినీ కాదనరు. కాదనాల్సిన చోట ఇంకేదో అంటారు, అవతలివాళ్లు అర్థం చేసుకుని తప్పుకుంటారు. అందుకని, "మీరు ఏదో పనిలో ఉన్నట్టున్నారు, మీ తీరిక పాడు చెయ్యడమెందుకు," అంది మారిట్. వాళ్ల ఊళ్లో అయితే ఎదుటివాళ్లు ఈ పాటికి తలుపు మూసుకునేవాళ్లు.

ఫైన్‌బెర్గ్ మేడం బ్రూక్లిన్ మనిషి. "తీరిక తప్ప నా దగ్గరింకేముంది? రా, కూర్చో," అంది. మారిట్ లోపలికి అడుగు పెట్టగానే వెనక క్యూ కలిసిపోయింది.

"కాఫీ తాగుతావా?"

"అయ్యో, వద్దులెండి."

ఇది మొదటి వద్దు. వెస్ట్ టాన్‌బర్గ్ మర్యాద ప్రకారం ఇంటావిడ మళ్లీ అడగాలి, మళ్లీ వద్దనాలి, మూడోసారి అడిగితే సరే, అరకప్పు పొయ్యండి అనాలి. ఫైన్‌బెర్గ్ మేడం, "సరే," అని కప్పు నిండా పోసుకుని తనే తాగడం మొదలుపెట్టింది. మారిట్ ఉమ్మి మింగుకుని కూర్చుంది.

"ఏం కావాలనుకుంటున్నావు?"

"డాక్టరు, మేడం."

"మంచిది. లాటిన్ సంగతి ఎప్పుడైనా ఆలోచించావా?"

మారిట్ తన వంతు మర్యాద తను చేసింది. "అది... వేరేగా ఉంటుంది మేడం," అంది. కొత్త కోడలు వండిన కూర ఎవరికీ మింగుడు పడనప్పుడు వాళ్ల ఊళ్లో అనే మాట అది. ఆ మాట విన్నాక ఏ కోడలూ ఆ కూర రెండోసారి వండదు.

మేడం కప్పు కింద పెట్టింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "వేరేగా. ఈ మాట ఎవరి నోటన్నా వింటానా అని ఎన్నేళ్ల నుంచి చూస్తున్నానో తెలుసా? డాక్టరు కావాలనుకుంటూ లాటిన్ చదువుతానంటున్నావు."

"కాదని కాదు గాని మేడం..."

"కాదని కాదు. అంతే చాలు. ఇవాళ సాయంత్రంలోగా ఒక్క విద్యార్థి అన్నా చేరకపోతే శాఖ మూసేస్తామన్నాడు డీన్. ఇరవై రెండేళ్లు పాఠం చెప్పాను. నా చేతుల మీదుగా మూతపడుతుందనుకున్నాను." మారిట్ నోట్లో ఉన్న 'గాని' అక్కడే ఉండిపోయింది.

ఆవిడ డీన్‌కి ఫోన్ చేసింది. డీన్ స్వయంగా వచ్చాడు. ఆయన వెంట కాలేజీ ప్రచారం చూసే అమ్మాయి కెమెరాతో వచ్చి, మారిట్‌ని పుస్తకాల బీరువా ముందు నిలబెట్టి, నవ్వమని ఫోటో తీసింది. ప్రతి ఒక్కరి మొహంలోకీ మారిట్ ఆశగా చూసింది. నిజంగానే చేరుతున్నావా అని ఒక్కరు రెండోసారి అడిగినా చాలు, మెల్లగా తప్పుకోవచ్చు. ఒక్కరూ అడగలేదు. "సాయంత్రం నాలుగున్నరకి కేకు తెప్పిస్తాను, అందరి ముందూ సంతకం పెడుదువుగాని," అన్నాడు డీన్. గంట తిరిగేసరికి ఫోటో కాలేజీ పేజీలోకెక్కింది. మందను వదిలి లాటిన్ బాట పట్టిన కాబోయే డాక్టరు అని కింద రాశారు.

మారిట్ గదికి వచ్చి కెమిస్ట్రీ పుస్తకం తెరిచింది. ఒక్క అక్షరం బుర్రకెక్కలేదు. లాటిన్ చదివితే డాక్టరు చదువుకి కావలసిన క్లాసులన్నీ విడిగా చదవాలి. అప్పుడు రెండూ చెడతాయేమో. ఒకవేళ జీనా అన్నట్టు ఇదే మంచిదేమో. లేకపోతే బాకా నేర్చుకోవాలేమో. తన బతుకులో ముఖ్యమైన సంగతి తనని అడక్కుండానే తేలిపోతోందని ఆ పిల్లకి దడ పట్టుకుంది. వద్దని చెప్పడానికి వెళ్దామని మూడుసార్లు లేచి, ఆవిడ కళ్లద్దాలు తుడుచుకోవడం గుర్తొచ్చి మళ్లీ కూర్చుంది.

ఈలోగా వెస్ట్ టాన్‌బర్గ్‌లో జరగవలసింది జరిగింది. లూథరన్ చర్చి కింది గదిలో బొంతలు కుడుతున్న ఆడవాళ్లలో ఎవరో ఆ ఫోటో చూసి మారిట్ నాయనమ్మకి చూపించారు. లాటిన్ అనగానే సూదులన్నీ ఆగాయి. లూథరన్లు లాటిన్‌ని వదిలి అయిదొందల ఏళ్లయింది. ఆ భాషతో పని కాథలిక్కులకే ఉంటుంది. వాళ్లలోనైనా వయసులో ఉన్న ఆడపిల్ల చదువు మధ్యలో లాటిన్ పట్టిందంటే ఎందుకో చెప్పనక్కర్లేదు. మొన్న క్రిస్మస్‌కి నల్ల స్వెట్టరు వేసుకుందని ఒకావిడ గుర్తు చేసింది. పెళ్లి మాటెత్తితే నవ్వి ఊరుకుందని ఇంకొకావిడ చెప్పింది. బొంత సగం కూడా పూర్తి కాకముందే మారిట్ కన్యాస్త్రీల మఠంలో చేరిపోయింది.

మధ్యాహ్నం హాస్టలు ముందు నాన్న బండి ఆగింది. నాన్న దిగాడు. అమ్మ జోయాన్ రేకు కాగితం కప్పిన హాట్‌డిష్ గిన్నె పట్టుకుని దిగింది. పుట్టినా పోయినా ఆ బంగాళాదుంపల గిన్నె లేకుండా వాళ్ల ఊరివాళ్లు గడప దిగరు. వెనక సీటులోంచి వాళ్ల చర్చి పాస్టర్ టోర్వాల్డ్ టోపీ చేతిలో పట్టుకుని దిగాడు.

నలుగురూ హాస్టలు ముందుగదిలో కూర్చున్నారు. రోడ్డు బాగుందన్నాడు నాన్న. మంచు ఈ ఏడు తొందరగా కరుగుతోందన్నాడు పాస్టరు. మళ్లీ పడినా పడొచ్చంది అమ్మ. ఈ సంగతులన్నీ అయ్యేసరికి అరగంట పట్టింది.

"ఫోటో చూశామమ్మా," అంది అమ్మ చివరికి.

బయాలజీ వదిలేశానని తెలిసిపోయిందన్నమాట అనుకుంది మారిట్. "మీకు చెప్దామనే అనుకున్నానమ్మా. నేను కావాలని వెళ్లలేదు. పిలుపొచ్చింది, వెళ్లాను."

అమ్మ పాస్టరు వైపు చూసింది. "అది అలాగే వస్తుందంటారు," అన్నాడాయన దిగులుగా.

"మళ్లీ బయటికి రావడానికి వీలుంటుందా?" అన్నాడు నాన్న నేల చూస్తూ.

"మూడో ఏడు దాకా మారొచ్చంటారు నాన్నా. ఆ తర్వాత కష్టం."

"మరి డాక్టరు చదువు?"

"అది మానను. ఇందులో ఉండి డాక్టర్లయినవాళ్లు కూడా ఉన్నారట."

"ఉన్నారు, ఉన్నారు. వాళ్లకి పెద్ద పెద్ద ఆస్పత్రులే ఉన్నాయి," అన్నాడు పాస్టరు. ఆయన న్యాయంగా మాట్లాడే మనిషి.

అమ్మ గొంతు సవరించుకుంది. "పెళ్లి?"

"పెళ్లికీ దీనికీ ఏం సంబంధమమ్మా?"

"అంటే, వాళ్లలో చేసుకోనిస్తారా అని."

"చేసుకోనివ్వకపోవడమేంటి? ఫైన్‌బెర్గ్ మేడం రెండుసార్లు చేసుకుంది."

పాస్టరుకి పొలమారింది. కాసేపు దగ్గి, "రోజులు చాలా మారిపోయినట్టున్నాయి," అన్నాడు.

నాన్న లేచి వచ్చి మూడు వేళ్ల చెయ్యి మారిట్ భుజం మీద వేశాడు. "మీ డ్వైట్ బాబాయి కూడా వాళ్లలోనే చేసుకున్నాడు. మీ పిన్ని మంచిది కాదూ? శుక్రవారం చేపలు ఎంత బాగా వేయిస్తుందని. నువ్వెక్కడున్నా మా పిల్లవే తల్లీ," అన్నాడు. ఆయన ఒక్కరోజులో అన్ని మాటలు మాట్లాడగా మారిట్ ఎన్నడూ వినలేదు. శుక్రవారం మాంసం ముట్టని ఆ కాథలిక్కు పిన్ని లాటిన్ ఎప్పుడు చదివిందో, దానికీ చేపలకీ సంబంధమేమిటో అంతుబట్టక ఆ పిల్లకి ఏడుపొచ్చింది. కూతురు ఏడవడం చూసి అమ్మ ఏడ్చింది. పాస్టరు టోపీని గుండ్రంగా తిప్పుతూ కూర్చున్నాడు.

నాలుగున్నర కావస్తోంది. ఇంట్లోవాళ్లే వద్దంటే పోతుంది, పిల్లలు తల్లిదండ్రుల మాట కాదనలేరని మేడమూ ఒప్పుకుంటుంది. ఈ ఆలోచన రాగానే మారిట్ కళ్లు తుడుచుకుని వాళ్లని వెంటబెట్టుకుని బయల్దేరింది. నడవాలో అందరి కంటా పడటం ఇష్టం లేక అద్దాల గది వైపు వెనక తలుపులోంచి లాటిన్ గదిలోకి తీసుకెళ్లింది.

ఫైన్‌బెర్గ్ మేడం ఆ రోజు పండగ కదా అని తనకున్నవాటిలోకెల్లా మంచి బట్టలు వేసుకుంది. అవి మెడ నుంచి మడమల దాకా నల్లగా ఉన్నాయి. ఆవిడే మఠం పెద్ద అనుకుంది అమ్మ. హాట్‌డిష్ గిన్నె ఆవిడ చేతుల్లో పెట్టేసి, "సిస్టర్, మా పిల్లని ఒక్క ఏడాది ఆగనివ్వండి," అంది.

"సిస్టర్ ఏమిటి? నేను యూదురాలిని. బ్రూక్లిన్ నుంచి వచ్చాను."

"అది కూడా మంచిదే," అన్నాడు నాన్న.

ఫైన్‌బెర్గ్ మేడం గిన్నె బల్ల మీద పెట్టింది. "ఇక్కడ ఎవరికి ఏం అర్థమైందో నాకు అర్థం కావట్లేదు. వాతావరణం సంగతి వదిలేసి ఒక్కొక్కరు ఒక్కొక్క ముక్క చెప్పండి. ముందు మీరు," అని పాస్టరుని చూసింది.

"అమ్మాయి మఠంలో చేరుతోందని..." అన్నాడు పాస్టరు.

"నేనా?" అంది మారిట్.

"చేరట్లేదా?" అన్నాడు నాన్న.

"నేను లాటిన్ తీసుకున్నాననే కదా మీ బాధ?"

"లాటిన్ తీసుకుంటే మాకేం బాధ?" అంటూ అమ్మ కుర్చీలో కూలబడింది. పొద్దున్నుంచీ బిగబట్టిన ఊపిరి ఒక్కసారిగా వదిలింది. "ఉత్త లాటినేనా? ఎంత కావాలంటే అంత చదువుకో నా తల్లీ. మేం వద్దంటామా?"

నాన్న నవ్వాడు. పాస్టరు మేడంకి చెయ్యిచ్చి, లాటిన్ గొప్ప భాషని మనస్ఫూర్తిగా చెప్పాడు. అదే సమయానికి డీన్ కూడా అద్దాల గది వైపు నుంచే కేకుతో వచ్చాడు. మారిట్‌కి మిగిలిన ఒక్క దారీ మూసుకుపోయింది. ఎవరో కలం చేతిలో పెట్టారు. అందరూ సంతోషంగా చూస్తున్నారు.

"ఆగండి," అంది ఫైన్‌బెర్గ్ మేడం. ఆవిడ మారిట్ మొహమే చూస్తోంది. "పొద్దున నేను కాస్త తొందరపడ్డానేమో. ఇటు చూడు. నీకు లాటిన్ చదవాలని ఉందా, లేదా? ఉంది, లేదు. ఈ రెండిట్లో ఒకటి చెప్పు."

పాస్టరు తన బూట్లు చూసుకున్నాడు. నాన్న కిటికీ చూశాడు. ఒక మనిషిని పట్టుకుని అలా అడగడం వాళ్లెవరూ చూసి ఎరగరు. మారిట్ కూడా ఆ ప్రశ్న ఎప్పుడూ వేసుకోలేదు. ఏది తీసుకుంటే ఎవరు ఏమనుకుంటారో పొద్దున్నుంచీ ఆలోచించింది గాని, ఏది ఇష్టమో ఆలోచించలేదు. ఇప్పుడు వేసుకుంటే జవాబు దగ్గర్లోనే ఉంది. షెడ్డులో చచ్చిపోయిన టర్కీ పిల్లల్ని పశువుల డాక్టరు కోసి చూస్తుంటే పక్కన నిలబడి గుండె ఏది, ఊపిరితిత్తి ఏదని అడిగేది. ఆ రోజు బండిలో తువ్వాలు తడిసిపోతుంటే అమ్మ మొహం తిప్పుకుంది. భయంతో చస్తూ కూడా మారిట్ తువ్వాలు ఎత్తి లోపలికి చూసింది. అక్కడ ఏం జరుగుతోందో తెలుసుకోవాలనిపించింది. ఆ తెలుసుకోవడమే ఆ పిల్లకి కావాలి. సీటు వచ్చినా రాకపోయినా అదే కావాలి.

"లేదు," అంది మారిట్. "నన్ను క్షమించండి మేడం. నాకు బయాలజీ కావాలి."

అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డీన్ కేకు కత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఫైన్‌బెర్గ్ మేడం కాసేపు పుస్తకాల బీరువాల వైపు చూసి, "థాంక్యూ," అంది. "ఈ రాష్ట్రానికొచ్చాక ఒకరు నాకు సూటిగా జవాబు చెప్పడం ఇదే మొదలు. అయిదవుతోంది, పరుగెత్తు. మిగతావాళ్లు కేకు తినండి, పారెయ్యడమెందుకు." ఆవిడ నవ్వింది గాని కళ్లు మాత్రం బీరువాల మీదే ఉన్నాయి. ఇంకేమన్నా అంటే మళ్లీ మొహమాటంలో పడతానని భయపడి మారిట్ నడవా వైపు తలుపు తీసింది.

నడవా నిండా క్యూ. పొద్దుటి కంటే పొడుగ్గా ఉంది. ఇక అయిపోయిందనుకుని మారిట్ దాని చివర కోసం నడుస్తుంటే మధ్యలో జీనా తగిలింది.

"ఏమే, ఈ క్యూ ఎంతసేపట్నుంచి కదలట్లేదు?" అంది మారిట్.

"అరగంటైంది. మొదట్లో ఉన్నవాడు మీ మిన్నెసోటా వాడే. లోపల పెద్దవాళ్లు మాట్లాడుకుంటున్నారని తలుపు కొట్టడట. నన్ను ముందుకి పోనివ్వడు కూడా."

"తలుపేంటి? బయాలజీ గది అటు కదా?"

"బయాలజీ ఎవడిక్కావాలే? నీ ఫోటో చూశాక డాక్టరు కావాలనుకునేవాళ్లంతా లాటిన్‌కే వచ్చారు. నువ్వొక్కదానివే మంద వదిలి పోతానంటే మేం ఊరుకుంటామా? బాకా అయితే రాదు గాని లాటిన్ నేర్చుకోలేనా?"

అప్పుడే ఫైన్‌బెర్గ్ మేడం కేకు ముక్క చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. క్యూని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. వీళ్లంతా ఎవరని అడిగితే ముందున్న కుర్రాడు ఆవిడకి ఇబ్బందేమో, మళ్లీ వస్తామేమో అని నసిగాడు. "మీ దగ్గర చేరడానికే వచ్చాం," అని జీనా వెనక నుంచి గట్టిగా చెప్పింది. మేడం కేకు ముక్క ఆ కుర్రాడి చేతిలో పెట్టి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. మారిట్‌కి గుండెల మీంచి బండ దిగింది.

బయాలజీ గదిలో హేగడార్న్ సారు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. మధ్యాహ్నం నుంచి ఒక్కరొక్కరే క్యూలోంచి ఎందుకు జారుకున్నారో ఆయనకి తెలీదు. తన పాఠాల్లోనే ఏదో లోపం ఉందని బెంగ పడుతున్నాడు. మారిట్‌ని చూసి లేచి నిలబడి కుర్చీ చూపించాడు. అయిదు కొట్టే లోపల సంతకం అయిపోయింది.

"ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకు," అన్నాడాయన. "పొద్దున అంతమంది వచ్చారు, అడిగితే అందరూ మెడికల్ సీటు కోసమన్నారు. ఇప్పుడేమో అందరూ అటు పోతున్నారు. నువ్వెందుకు ఇటొచ్చావు?"

"నాకు బయాలజీ ఇష్టం సార్," అంది మారిట్.

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "రేపు మెడికల్ కాలేజీ ఇంటర్వ్యూలో మాత్రం ఆ ముక్క చెప్పకమ్మా," అన్నాడు, "ఎవరూ నమ్మరు."